సార్ రీడింగు

రసాయనశాస్త్రంలో రసం ఎంత ఉందో చెప్పలేం గాని, ‘ఆయన’ మాత్రం ఆ రోజుల్లో ఒక్కరే ఉండేవారు. ప్రొఫెసర్ మల్లికార్జునరావు గారు. యూనివర్సిటీలో ఆయన పాఠం చెబుతుంటే పైనున్న ఫ్యాను కూడా చప్పుడు చేయకుండా తిరిగేదని చెప్పుకునేవాళ్ళు. ఏటా ఎండలు ముదిరే ముందు డిగ్రీ ప్రాక్టికల్స్‌కి మన వైపు వచ్చేవారు. పిల్లల లెక్కలో ఆయన పరీక్షకుడు కాదు, పరిశిక్షకుడు. వైవాలో ఆయన ‘వై’ అంటే వీళ్ళు ‘వా’ అనేవాళ్ళు.

1969 మార్చిలో ఆయన బాపట్ల ముగించుకుని తెనాలిలో రైలు దిగారు. తెనాలి తరవాత రేపల్లె.

తెనాలి కాలేజీ కెమిస్ట్రీ లెక్చరరు కృపారావు పొద్దుటి నుంచీ గేటుకీ గదికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. పిల్లల పరీక్ష ఒకటైతే, అతని పరీక్ష ఇంకొకటి. రేపల్లె నుంచి రోజూ ప్యాసింజరులో వచ్చిపోతూ, పగలు పాఠాలు చెబుతూ, సెలవుల్లో యూనివర్సిటీకి పరుగెత్తుతూ ఏళ్ళ తరబడి మల్లికార్జునరావు గారి దగ్గర పరిశోధన చేశాడు. బాపట్ల నుంచి నిజాంపట్నం దాకా సముద్రపు ఒడ్డున దొరికే నల్ల ఇసుకలో ఇనుమెంత ఉందో తేల్చే కొత్త పద్ధతి అతనిది. థీసిస్ టైపయింది. గుంటూరులో అట్ట కట్టించాడు. లేబరేటరీ పక్క గదిలో బల్ల మీద, సంతకం పడాల్సిన పేజీ దగ్గర కాగితం ముక్క పెట్టుకుని కూర్చుంది. గడువు ఇదివరకే ఒకసారి పొడిగించారు, ఇక పొడిగించరు. నెలాఖరులోగా గైడు సంతకంతో యూనివర్సిటీకి చేరకపోతే పాత నమోదు రద్దు, కథ మళ్ళీ మొదటికి. గైడు గారి కృప లేనిదే కృపారావు డాక్టర్ కృపారావు కాడు.

“ఆయనొచ్చి ఓ గీత గీస్తే అయిపోయిద్దిగా మాస్టారూ, మీరెందుకు గీతలు పడేట్టు నేలంతా తొక్కుతారు?” అన్నాడు లేబరేటరీ అటెండరు సింగరయ్య. థీసిస్‌ను అతను ‘తీసిస్’ అనేవాడు. “తీసిస్తే పోలా?”

“ముందు పరీక్ష సవ్యంగా జరగనీ సింగరయ్యా. ఇవాళ నువ్వు గదిలోకి రావద్దు. వెనక గ్యాసు ప్లాంటు దగ్గర ఉండు.”

సింగరయ్య ముఖం వాడిపోయింది. ఎందుకంటే పరీక్ష రోజు అతని అసలు ఉద్యోగం గ్యాసు దగ్గర కాదు, గాజు దగ్గర.

అది చెప్పాలంటే సార్ రీడింగు గురించి చెప్పాలి. ఫ్లాస్కులో ఇనుపలవణం కలిపిన నీళ్ళుంటాయి. పైన బ్యూరెట్టు, అంటే కొళాయి ఉన్న పొడుగాటి గాజు గొట్టం. అందులో పర్మాంగనేట్, కలరా వచ్చినప్పుడు మునిసిపాలిటీ వాళ్ళు బావుల్లో వేసే ఊదారంగు మందు. దాన్ని చుక్కచుక్కగా ఫ్లాస్కులోకి వదులుతుంటే రంగు మాయమవుతూ ఉంటుంది. ఇనుము ఉన్నంతసేపే ఈ మాయ. ఇనుము అయిపోయిన మరుక్షణం ఒక్క చుక్క ఎక్కువైనా ఫ్లాస్కంతా లేత గులాబీ అవుతుంది. ఆ అంతిమ బిందువు దగ్గర కొళాయి కట్టేసి, ఎన్ని సీసీలు పడ్డాయో చూసుకోవాలి. అదే రీడింగు. పిల్లలకంటే ముందు పరీక్షకుడు తానొకసారి చేసి, తన రీడింగు జేబులో పెట్టుకుంటాడు. దానికి రెండు మూడు చుక్కల తేడాలో ఉంటే నిండు మార్కులు. అర సీసీ దాటితే సున్నా. అందులో సున్నా అంటే ప్రాక్టికల్ తప్పినట్టే, ఏడాది పోయినట్టే.

కాబట్టి ఈ జిల్లా లేబరేటరీల్లో దేవుడి తరవాత స్థానం సార్ రీడింగుది. పరీక్షకుడు బ్యూరెట్టు ముందు వంగి చూస్తున్నప్పుడు, వెనక సింక్ దగ్గర ఎవరో ఒక అటెండరు గాజుసామాను కడుగుతూ ఆ అంకెను ఓరకంట చూసుకుంటాడు. కడగడం అయ్యాక స్టాండులో టెస్టుట్యూబులు పెడతాడు. కొన్ని నిలువుగా, కొన్ని బోర్లా. బోర్లా ఉన్నవి సీసీలు, నిలువుగా ఉన్నవి దశాంశాలు. ఇక పిల్లల కళ్ళు ఫ్లాస్కు మీద ఉండవు, స్టాండు మీద ఉంటాయి. ఏ ఊళ్ళో ఎవరు మొదలెట్టారో గాని, ఊరూరా ఇదే ఆచారం. లెక్చరర్లు చూడనట్టుండటం కూడా అందులో భాగమే.

కృపారావు ఈ ఏడు ఆ ఆచారానికి నీళ్ళు వదిలాడు. తన గైడు ముందు తన కాలేజీలో దొంగ రీడింగులు బయటపడితే సంతకం మాట దేవుడెరుగు.

మల్లికార్జునరావు గారు వచ్చారు. గొడుగు మూలన పెట్టి, కోటు విప్పి కుర్చీకి తగిలించి, కిటికీ పక్క బల్ల దగ్గర నిలబడ్డారు.

“ఏంటోయ్ కృపారావ్, మీ ఊళ్ళో ఎండక్కూడా రేషనా? గదిలో వెలుగే లేదు.”

కిటికీలోంచి పడిన ఎండకు బల్ల మీది తెల్ల పలక కళ్ళు మిరుమిట్లు గొలుపుతోంది.

“రెండో రెక్క కూడా తెరుస్తానండి.”

“ఈ ఫ్లాస్కులు కడిగించావా? అన్నీ మసగ్గా ఉన్నాయి.”

“నిన్న ఆసిడ్‌తో కడిగించానండి.”

“కడిగినవాడు కళ్ళు మూసుకుని కడిగాడు.”

పిల్లలకు చుక్కలు చూపించే మనిషి, బ్యూరెట్టు చుక్కల్ని మాత్రం పసిపిల్లకు ఉగ్గుపెట్టినట్టు వదిలేవారు. ఎడమచెయ్యి కొళాయి మీద, కుడిచేతిలో ఫ్లాస్కు గిరగిరా. ఆ చేతుల్ని చూసే కృపారావు పని నేర్చుకున్నాడు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, వంగి చూసి, చిన్న కాగితం మీద అంకె వేసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఎవరికీ చూపించకుండా ఫ్లాస్కు కడిగేశారు.

“బాపట్లలో పిల్లలు బంగారమోయ్. ఒక్కడి రీడింగూ నా దానికి రెండు చుక్కలు దాటలేదు. చూద్దాం మీవాళ్ళ సంగతి.”

పరీక్ష మొదలైంది. కృపారావు గుండె ధైర్యంగానే ఉంది. అతని పిల్లలు స్టాండుల వైపు చూశారు. స్టాండులు ఖాళీ. ఇక గత్యంతరం లేక ఫ్లాస్కులు చూశారు. చాలామంది జీవితంలో మొదటిసారి.

రీడింగులన్నీ ప్రొఫెసరు గారి బల్ల మీదికి చేరాయి. ఆయన జేబులోంచి మడత తీశారు. మొదటి కాగితం చూశారు, పక్కన పెట్టారు. రెండోది. మూడోది. ఆ తరవాత చూడటం మానేసి పేకముక్కల్లా తిరగేయడం మొదలుపెట్టారు.

“కృపారావ్, ఇలా రా.”

అందరి రీడింగులూ ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి. అన్నీ కలిసి సార్ రీడింగుకు దూరంగా ఉన్నాయి. ఒక్కటీ మిగలకుండా అర సీసీకి పైనే తక్కువ.

“బాపట్లలో అట్లా, తెనాలిలో ఇట్లానా? ఏం నేర్పావోయ్ వీళ్ళకి? అందరూ ముందే ఆపేశారు. రంగు రాకముందే వచ్చిందని రాసే బడుద్ధాయిలు. ఇది సున్నాల బడి.”

“ఎక్కడో పొరపాటు జరిగిందండి. డిస్టిల్డ్ వాటరు ఒకసారి...”

“నేనూ అదే నీళ్ళతో చేశానుగా. ఈ మొదటి కాగితం ఎవరిది?”

ప్రమీల ముందుకొచ్చింది. ఈపురుపాలెం నేతవాళ్ళ పిల్ల, తెనాలిలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. చెంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

“అమ్మాయ్, నా ఎదురుగా చెయ్యి.”

ప్రమీల చేసింది. చుక్కలు పడుతున్నాయి, రంగు మాయమవుతోంది. ఒకచోట ఆమె వేలు ఆగింది. ఒక్క చుక్క. ఫ్లాస్కంతా లేత గులాబీ.

“వచ్చిందండి.”

“ఎక్కడొచ్చింది? మంచినీళ్ళలా ఉంటేను. ఇంకా పొయ్యి.”

ఆమె ఫ్లాస్కు చూసుకుంది. కృపారావును చూసింది. ఇంకొన్ని చుక్కలు వదిలింది. గులాబీ ముదిరింది.

“ఇప్పుడండి?”

“లేదు. తొందరెందుకు, రైలు పోతోందా?”

ఇంకా కొన్ని. అది గులాబీ దాటి ముద్దమందారం అయింది. వెనక బల్ల వాళ్ళక్కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

“ఆఁ. ఇదీ. ఇప్పుడు వచ్చింది రంగు. రీడింగు చూసుకో.” ఆయన మడత కాగితం బల్ల మీద కొట్టారు. “చూశావా, నాది ఇదే.”

కృపారావుకు కాళ్ళ కింద నేల ద్రావణమైంది.

ఆయనకు కనబడటం లేదు. మసక ఫ్లాస్కుది కాదు, వెలుగు లేనిది గదిలో కాదు. ఆ కళ్ళలో ఏదో కమ్మేసింది, ఆయనకే తెలియలేదు. ఆ వెనకే రెండో సంగతి వచ్చి మొదటిదాని మీద పడింది. కిందటి వేసవిలో కృపారావు ఇసుక నమూనాల రీడింగులన్నీ తీసుకెళ్ళి చూపిస్తే, ఆయన మళ్ళీ తన చేత్తో చేసి అన్నిటినీ కాస్త కాస్త పెంచారు. ‘నీ కంటికి తొందరెక్కువోయ్’ అన్నారు. కృపారావు నిజమేననుకున్నాడు. సార్ రీడింగు కదా. తన అంకెలు కొట్టేసి ఆయన అంకెలు వేశాడు. థీసిస్ గుండెకాయ లాంటి పట్టిక ఆ అంకెలతోనే టైపయింది. అట్ట కట్టి, పక్క గదిలో, సంతకం కోసం కూర్చుంది.

ఇప్పుడు నోరు విప్పితే సంతకం పోతుంది. విప్పకపోతే ఈ పిల్లల ఏడాది పోతుంది.

“సార్, మరొక్క అవకాశం ఇప్పించండి. భోజనాల తరవాత మళ్ళీ చేయిస్తాను,” అన్నాడు కృపారావు.

ప్రొఫెసరు గారు కోటు తొడుక్కున్నారు. “నీ మొహం చూసి ఇస్తున్నా. కొత్త ద్రావణం చేసి పెట్టు. తిరిగొచ్చాక నా రీడింగు కూడా కొత్తగా తీస్తా. అప్పుడూ ఇంతే అయితే సున్నాలు వేసి రేపల్లె బండెక్కుతా. రేపు రేపల్లె, ఎల్లుండి ఇల్లు. నీ థీసిస్ ఆ గదిలోనే ఉందిగా? ఇది అయ్యాక చూద్దాం.”

ఆయన ప్రిన్సిపాలు ఇంటికి భోజనానికి వెళ్ళారు.

వరండాలో సింగరయ్య స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. సంగతంతా ఈలోపే గ్యాసు గొట్టాల గుండా వెళ్ళినట్టు వెనక్కి చేరిపోయింది.

“మాస్టారూ, మీకు కోపం రాదంటే ఓ మాట.”

“చెప్పు.”

“ఆయన మళ్ళీ రీడింగు తీత్తారంటగా. నన్ను సింక్ దగ్గర నిలబడనివ్వండి చాలు. గొట్టాలు నేను సర్దుతా. పిల్లలందరికీ ఆయన రీడింగే వచ్చిద్ది. పిల్లలు పాసు, ఆయన ఖుషీ, మీ తీసిస్ మీద గీత. ఎవరికి నష్టం చెప్పండి?”

నష్టపోయేవాళ్ళ కోసం కృపారావు వెతికాడు. నిజంగానే ఎవరికీ నష్టం లేదు. బాపట్లలో అదే కదా జరిగింది. అక్కడ బంగారు పిల్లలందరూ స్టాండులు చూసి రాశారు కాబట్టే ఆయన కన్ను గుట్టు బయటపడలేదు. దొంగ రీడింగులు రాసినవాళ్ళు బంగారం, కళ్ళు తెరిచి చూసినవాళ్ళు బడుద్ధాయిలు. ఒక్క దెబ్బలో మూడు పనులూ చక్కబెట్టగల టెస్టుట్యూబులు తోమి, ఆరబెట్టి, బుట్టలో సిద్ధంగా ఉన్నాయి.

“ఆలోచించుకోండి మాస్టారూ. మీరు తలూపక్కర్లేదు. వద్దనకపోతే చాలు.”

కృపారావు తలూపలేదు. వద్దనీ అనలేదు. సింగరయ్య బుట్ట తీసుకుని లోపలికి నడిచాడు.

భోజనాల వేళ కృపారావు రేపల్లె నుంచి భార్య కాంతమ్మ కట్టిచ్చిన క్యారియరు మూత తీసి మళ్ళీ పెట్టేశాడు. పక్క గదిలోకి వెళ్ళి థీసిస్ తెరిచాడు. పట్టిక ఉన్న పేజీ చూడబుద్ధి కాలేదు. సిద్ధాంత గ్రంథంలో సిద్ధమంతా ఇక్కడుంది, అంతం ఆ కాగితం ముక్క పెట్టిన పేజీలో ఉంది. ఎవరు తెరిచి చూస్తారు? యూనివర్సిటీ అలమరలో దుమ్ము తింటుంది, అంతేగా. ఇసుకలో ఇనుము రవ్వంత ఎక్కువ రాస్తే సముద్రం వచ్చి అడగదు.

గుమ్మం దగ్గర గాజుల చప్పుడైంది.

“మాస్టారూ.” ప్రమీల. “మళ్ళీ చెయ్యమన్నారంటండి.”

“అవునమ్మా. కంగారుపడొద్దు.”

“కంగారు కాదండి. మీరే చెప్పారు గదా లేత గులాబీ రాగానే ఆపాలని. పొద్దున ఆపితే తప్పన్నారు. సింగరయ్య బాబాయేమో స్టాండు చూడమంటున్నాడు.” ఆమె తల దించుకోలేదు. “ఏ రంగు దగ్గర ఆపమంటారండి?”

ఇంతకంటే చిన్న ప్రశ్న ఏ వైవాలోనూ ఉండదు. కృపారావు నోరు తెరిచాడు. ‘సార్ చెప్పినట్టు చెయ్యి’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చివరి చుక్కలా అక్కడే వేలాడింది. పడలేదు.

థీసిస్ మూసేశాడు.

“సింగరయ్యని బుట్ట బయట పెట్టమను. నువ్వు నాతో రా.”

ప్రొఫెసరు గారు తిరిగొచ్చేసరికి కిటికీ పక్క బల్ల మీద తెల్ల పలక, పలక మీద రెండు ఫ్లాస్కులు ఉన్నాయి. ఒకదాంట్లో ఇనుపనీళ్ళు రంగు రావడానికి ముందే ఆపినవి, తేటగా. రెండోదాంట్లో ఇంకొన్ని చుక్కలు పడి లేత గులాబీ తిరిగినవి. ప్రమీల కొంచెం దూరంగా ఉంది. పిల్లలు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు.

“ఏంటివి?”

కృపారావు ఫ్లాస్కులు రెండూ ఆయన వైపు జరిపాడు. “సార్, ఈ రెండిట్లో రంగు దేనికి వచ్చిందో మీరు చెప్పాలండి.”

“నాకు వైవా పెడుతున్నావా?”

“లేదండి.”

“మరి ఇదేంటి? ఇవాళ నీ థీసిస్ మీద సంతకం చేయాల్సినవాణ్ణి ముందు నిలబెట్టి...” ఆయన గొంతు పెరగలేదు. తగ్గింది. ఆ తగ్గడం చూసి గుమ్మం దగ్గరి పిల్లలు రెండడుగులు వెనక్కి వేశారు. “ఏం చేస్తున్నావో తెలిసే చేస్తున్నావా, కృపారావ్?”

“తెలిసేనండి.”

ఆయన ఫ్లాస్కుల మీదికి వంగారు. కళ్ళజోడు తీసి తుడిచారు. పెట్టుకున్నారు. ఒకటి ఎత్తి కిటికీకి పట్టారు, దించారు. రెండోది ఎత్తారు.

“రెండూ కాలేదు. రెండూ నీళ్ళే.”

ఆయన తల తిప్పి ఒక్కొక్కరి ముఖమూ చూశారు. గదిలోనూ గుమ్మంలోనూ ఉన్నవాళ్ళంతా ఒక ఫ్లాస్కు వైపే చూస్తున్నారు. ఒకే ఫ్లాస్కు వైపు.

ఒక మామూలు మనిషైతే అక్కడ అరిచేవాడు, ఫ్లాస్కులు విసిరేవాడు. మల్లికార్జునరావు గారు ముప్పై ఏళ్ళుగా ప్రయోగాలు చేస్తున్న మనిషి. ప్రయోగం ఎదురు తిరిగినప్పుడు ఏం చేయాలో ఆ చేతులకు అలవాటు.

“ఒక్కసారి చూస్తే సాక్ష్యం కాదు,” అన్నారు. “నేను గోడవైపు తిరుగుతా. అమ్మాయ్, వాటి చోట్లు మార్చు, లేదా మార్చకు. నాకు చెప్పకు.”

ఆయన గోడవైపు తిరిగారు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. ప్రమీల ఫ్లాస్కులు మార్చింది. ఆయన తిరిగి, వంగి, చూసి, వేలు చూపించారు. తప్పు. మళ్ళీ గోడవైపు తిరిగారు. ఈసారి ఆమె మార్చలేదు. ఆయన వేలు ఇందాకటి ఫ్లాస్కు మీదికే వెళ్ళింది. మళ్ళీ తప్పు. మూడోసారి వంగి, లేచి, ఏదీ చూపించకుండా కుర్చీలో కూర్చున్నారు.

“గుమ్మం దగ్గరున్నవాళ్ళు. ఒక్కొక్కరే రండి. ఏదో వేలు పెట్టి చూపించి పొండి. పక్కవాడితో మాట్లాడొద్దు.”

ఒక్కొక్కరే వచ్చారు. ఒక్కొక్క వేలూ ఒక్క ఫ్లాస్కు మీదే వాలింది. ఆయన ఆ వేళ్ళను చూస్తూ కూర్చున్నారు. రంగు కనబడకపోయినా వేళ్ళు కనబడుతున్నాయి.

ఇలాంటి అంతిమ బిందువు దగ్గర మనిషికి బంధువులు ఉండరు. ఆయన జేబులోంచి మడత కాగితం తీశారు. చింపి, ముక్కలు సింక్‌లో వేశారు.

“పొద్దుటి రీడింగులే ఖాయం. అందరివీ కూడి సగటు తియ్యి. అదే సార్ రీడింగు.”

గుమ్మం దగ్గర ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. ఆయన వెంటనే చెయ్యెత్తారు.

“ఉండండి. మరి బాపట్లలో అంతమందికీ నా రీడింగే ఎలా వచ్చింది?”

సింగరయ్య కిటికీ బయట నుంచి ఆకాశాన్ని పరిశోధించడం మొదలుపెట్టాడు. కృపారావు నేలను పరిశోధించాడు. ఆ పరిశోధనలు రెండూ చూసి ప్రొఫెసరు గారికి సమాధానం దొరికింది.

“అంటే,” అన్నారు మెల్లగా, “గౌరవించారన్న మాట.”

పిల్లల్ని పంపించేశారు. లేబరేటరీలో ఇద్దరే మిగిలారు.

“శుక్లమే అయ్యుంటుంది,” అన్నారాయన. “మా ఆవిడ సంక్రాంతి నుంచీ పోరుతోంది. కంటి డాక్టరు దగ్గరికెళ్ళమని. నేను బల్బులు మార్పిస్తున్నా. ఎంత నల్లటి మాటకి ఎంత తెల్లటి పేరు పెట్టారు.” ఆయన నవ్వలేదు. “పెన్ను తీసుకొచ్చా. నీ థీసిస్ ఇటివ్వు.”

కృపారావు పక్క గదిలోకి వెళ్ళాడు. థీసిస్ చేతుల్లోకి తీసుకున్నాడు. ఇంత బరువుందని ఇదివరకు తెలియదు. పిల్లలు గట్టెక్కారు. ఆయన సంతకానికి సిద్ధంగా ఉన్నారు. ఇక మిగిలింది తను ఊరుకోవడం, అంతే. బయట చెప్పింది చాలదా? ఒక రోజుకు ఒక్క నిజం సరిపోదా?

తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. ఆయన కాగితం ముక్క ఉన్న పేజీ తెరిచి, పెన్ను మూత తీసి, ముఖం దగ్గరగా పెట్టుకుని సంతకం చోటు వెతుక్కున్నారు.

“ఇక్కడేనా?”

“అక్కడేనండి.” కృపారావు చెయ్యి ఆ చోటు చూపించడానికి వెళ్ళి, దాని మీదే ఉండిపోయింది. “వద్దండి.”

“ఏం?”

“నాలుగో అధ్యాయంలో పట్టిక... కిందటి వేసవిలో మీరు దిద్దిన అంకెలండి అవి.”

ఆయన పెన్ను గాల్లో ఆగింది. గుర్తుకు రావడానికి కాస్త సమయం పట్టింది. వచ్చాక ఆయన ముఖం, ఫ్లాస్కుల ముందు కూడా మారని ముఖం, అప్పుడు మారింది.

“అన్నీ నేను దిద్దినవేనా?”

“అన్నీనండి.”

“నీ పాత రీడింగులు?”

“కొట్టేశానండి, ఆ కాగితాలూ పారేశాను. మీ రీడింగు వచ్చాక నాది ఎందుకని.”

“ఎందుకంటే అది నీది కాబట్టి,” అన్నారాయన, ఇన్నేళ్ళలో మొదటిసారి అరిచినంత పని చేసి. మరుక్షణమే తగ్గారు. “నేనే చెప్పాలి ఆ మాట. చెప్పలేదు. నీ కంటికి తొందరన్నా.”

పెన్ను మూత పెట్టారు. ఆ చిన్న చప్పుడు కృపారావు చెవిలో చాలాసేపు ఉంది.

“ఎంత కాలం పడుతుంది, నమూనాలన్నీ మళ్ళీ చేస్తే?”

“ఇసుక మళ్ళీ తెచ్చుకోవాలండి. ఏడాది పైనే.”

“గడువు పోతుంది.”

“పోతుందండి.”

“మళ్ళీ నమోదు చేసుకోవాలి. గైడుగా నా పేరు పెట్టుకోకు అని చెప్పాలి నేను.” ఆయన బల్ల మీది ఖాళీ బ్యూరెట్టును తడిమారు. “నీ థీసిసొకటే కాదు. ఈ రెండు మూడేళ్ళలో అచ్చయిన పేపర్లలో నా కన్ను ఎక్కడెక్కడ దూరిందో వెతకాలి. ప్రతి పత్రిక్కీ రాయాలి, నేను చూడలేదు, చూశాననుకున్నాను అని. వాళ్ళు చదివి నవ్వుకుంటారు.”

“మీ పేరే పెడతానండి.”

“ఎందుకు? దయా?”

“పద్ధతి తెలిసినవాళ్ళు మీరేనండి. రంగు నేను చూసుకుంటాను.”

ఆయన బ్యూరెట్టు మీది చెయ్యి తీశారు. “బండి వేళయింది, గొడుగు ఎక్కడ పెట్టానో చూడు,” అన్నారు.

సాయంత్రం తెనాలి స్టేషన్లో రేపల్లె ప్యాసింజరు కోసం నిలబడ్డారు ఇద్దరూ. కృపారావు చంకలో థీసిస్ ఉంది, వెళ్ళేటప్పుడు ఎలా ఉండాలనుకున్నాడో అలా కాకుండా, ఉట్టి కాగితాల కట్టలా. ఇంటికెళ్ళి కాంతమ్మకు ఏం చెప్పాలో దారిపొడుగునా కూర్చుకోవాలి. చీకటి ఇంకా పూర్తిగా పడలేదు. ప్లాట్‌ఫారం చివర సిగ్నల్ దీపం వెలిగించారు.

“రేపు రేపల్లెలో నేను రీడింగు తీయను,” అన్నారు ప్రొఫెసరు గారు. “పరీక్షల ఆఫీసుకి తంతి ఇస్తా. నువ్వు వచ్చి తియ్యి. మార్కులు నేను వేస్తా. గాజు కడిగేవాడెవడైనా వెనకుంటే వాణ్ణి బయటికి పంపు.”

“అలాగేనండి.”

బండి చప్పుడు వినపడుతోంది. ఆయన కళ్ళు చికిలించి ప్లాట్‌ఫారం చివరికి చూశారు.

“ఆ సిగ్నల్ ఏ రంగులో ఉందోయ్?”

“ఎర్రగా ఉందండి.”

కొంతసేపయ్యాక బండి వచ్చి ఆగింది. జనం దిగారు, ఎక్కారు. అరటిగెలల బుట్టలు, కొల్లూరు వాళ్ళ కబుర్లు, గార్డు ఈల. ఆయన ఇంకా అటే చూస్తున్నారు.

“ఇప్పుడో?”

“పచ్చ అయిందండి.”

మల్లికార్జునరావు గారు కడ్డీ పట్టుకుని మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగారు. “సిగ్నల్‌ని చూసి చెబుతున్నావా, నన్ను చూసి చెబుతున్నావా?”

“సిగ్నల్‌నేనండి.”

“అయితే ఎక్కు,” అని ఆయన పెట్టెలోకి వెళ్ళి, కిటికీ పక్క చోటు అతనికి వదిలి కూర్చున్నారు.